మా అమ్మాయి చార్టులోని ఏథెన్స్

మొన్న ఆదివారం మా మనవరాలు డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టుకుని, ఒక పక్క ఏథెన్స్, ఇంకో పక్క స్పార్టా అని గడులు గీసి, ఏ ఊళ్ళో పిల్లలు ఎలా పెరిగేవాళ్ళో, ఏం తినేవాళ్ళో నింపుకుంటుంటే, నా చేతిలో కాఫీ కప్పు అలాగే ఉండిపోయింది. నలభై ఏళ్ళ కిందట ఇదే హోంవర్కు నాకు చేసిన పని ఇంకా నిన్నటిలాగే గుర్తుంది.

డెబ్భైల చివర మేం ఈ దేశం వచ్చి ప్లేనోలో దిగేనాటికి అక్కడి తెలుగువాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. నేను గుంటూరులో ఆడపిల్లల హైస్కూల్లో నాలుగేళ్ళు చరిత్ర చెప్పి వచ్చినదాన్ని. ఇక్కడేమో కారు లేకపోతే కాలు బయట పెట్టలేం, నాకు డ్రైవింగ్ రాదు. మా ఆయన శనివారం తీసుకెళ్తే కూరగాయలు, ఆదివారం తీసుకెళ్తే మనుషులు. ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చిన ఆడవాళ్ళకి వేరే చెప్పాలా! తెలుగు చర్చి అప్పటికింకా లేదు గనక నెలకోసారి ప్రార్థన మా ఇంట్లోనే పెట్టుకునేవాళ్ళం. పాటలూ వాక్యమూ అయ్యాక మగవాళ్ళు ముందుగదిలో రాజకీయాలు మాట్లాడుకుంటూ భోంచేస్తే, ఆడవాళ్ళం వంటగదిలోంచి వడ్డించి, వాళ్ళ ప్లేట్లు తీసేశాక మిగిలింది తినేవాళ్ళం. మా అమ్మా అలాగే చేసింది, మా అత్తగారూ అలాగే చేశారు, అందులో వింతేముందని అనుకునేదాన్ని.

అలాంటి రోజుల్లో ఆరో క్లాసు చదువుతున్న మా అమ్మాయి, గ్రీకు నగరాలు రెండింటిని పోల్చి చార్టు చేయమన్నారని ఇంటికి వచ్చింది. నాకు ప్రాణం లేచొచ్చింది. కూర్చోబెట్టి ఏథెన్స్ నాటకాలు, తత్త్వవేత్తలు, పాలరాతి స్తంభాలు, పౌరులంతా ఒకచోట చేరి ఓటు వేయడం, అన్నీ చెప్పాను. స్పార్టాలో ఏడేళ్ళ పిల్లాణ్ణి తల్లి దగ్గర్నుంచి తీసుకెళ్ళి సైనికుల మధ్య పడేసేవాళ్ళని చెప్తూ నేనే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాను. మధ్యలో "మరి గర్ల్స్ ఏం చేసేవాళ్ళు మమ్మీ?" అని అడిగితే, అది పరీక్షకి రాదులే అనేశాను. ఆ పిల్ల ఊరుకోక స్కూల్ లైబ్రరీలో వెతుక్కుని చదువుకుందట, ఆ సంగతి నాకు తెలీదు.

స్కూల్లో తల్లిదండ్రులని పిలిచిన రోజున చార్టులన్నీ గోడకి అంటించారు. అందరి చార్టులోనూ అడుగున ఒకటే ప్రశ్న, నువ్వైతే ఏ ఊళ్ళో ఉంటావు, ఎందుకు అని. చిన్నపిల్లల అభిప్రాయం అడగడమేమిటని ఆశ్చర్యపోతూనే మా అమ్మాయి గుండ్రటి ఇంగ్లీషు అక్షరాల దగ్గరికి వెళ్ళాను. తను స్పార్టాలో ఉంటుందట. అక్కడ ఆడపిల్లలు పరుగుపందేలు పెట్టుకునేవాళ్ళు, పొలాలు ఆడవాళ్ళ పేరున ఉండేవి. ఏథెన్స్‌లో ఆడవాళ్ళకి ఓటు లేదు, అతిథులొస్తే లోపలి గదిలో ఉండాలి, ఒంటరిగా ఎక్కడికీ వెళ్ళకూడదు. ఆ కింద ఇంకో రెండు వాక్యాలు. మా అమ్మ చాలా తెలివైనది. మా అమ్మ ఏథెన్స్‌లో ఉంటుంది.

ఇంటి గుట్టు గోడకెక్కించిందని ముందు కోపమొచ్చింది, పక్కనున్న తెల్లావిడ కూడా చదివేసిందేమోనని సిగ్గేసింది. కానీ నాలుగేళ్ళు ఆ పాఠం చెప్పి, ఏథెన్స్ గొప్పదని వందల మంది ఆడపిల్లల చేత బట్టీ పట్టించి, ఆ ఊరి ఆడవాళ్ళు ఎక్కడున్నారని ఒక్కసారైనా అనుకోలేదన్న సంగతి నన్ను అన్నిటికంటే ఎక్కువ కుదిపేసింది. మా ఆయన దాన్ని రెండుసార్లు చదివారు.

ఆ శనివారం కూరగాయలకని బయల్దేరి, ఖాళీగా ఉన్న ఆ స్కూలు పార్కింగ్ లాట్‌లోనే కారు ఆపి, ఆయన దిగి నా వైపు వచ్చి తలుపు తీసి, "అటు జరుగు, నువ్వు డ్రైవ్ చెయ్యి" అన్నారు. నేను దిగ్భ్రమలో స్టీరింగ్ ముందుకి జరిగాను. తర్వాత రెండుసార్లు మా ఇంటి ముందున్న మెయిల్‌బాక్స్ పడగొట్టాను, లైసెన్సూ తెచ్చుకున్నాను, కొన్నాళ్ళకి ఒక బళ్ళో సహాయ టీచరుగా కూడా చేరాను. ఒక నెల ప్రార్థన అయ్యాక నా ప్లేటు పట్టుకెళ్ళి ముందుగది సోఫాలో కూర్చుంటే, మగవాళ్ళ రాజకీయాలు కాసేపు ఆగిపోయాయి.

ఆయన పోయాక దగ్గర్లోని కాపెల్‌లో మా అమ్మాయి ఇంట్లోనే ఉంటున్నాను. మొన్న ఆ చార్టు గుర్తుచేస్తే, "నేనలా రాశానా మమ్మీ! నాకస్సలు గుర్తులేదు, ఐ యామ్ సో సారీ" అని నవ్వి నన్ను పట్టుకుంది. ఆ ఇంట్లో అల్లుడు కూర వండుతాడు, వచ్చినవాళ్ళంతా ఆడామగా కలిసే తింటారు, చూస్తే కడుపు నిండుతుంది. కానీ పోయిన ఏడు నేను స్టాప్ సైన్ గమనించకుండా వెళ్ళిపోయానని తెలిసి, మా అమ్మాయి నా కారు తాళాలు తీసి దాచేసింది. ఎక్కడికి కావాలన్నా మేం తీసుకెళ్తాం కదా అంది. తప్పు తనది కాదు, నా చూపు మునుపటిలా లేదు. మళ్ళీ శనివారం తీసుకెళ్తే కూరగాయలు, ఆదివారం తీసుకెళ్తే మనుషులు.

చివరి గడి దగ్గర మనవరాలు ఆగి, "అమ్మమ్మా, నువ్వైతే ఎక్కడ లివ్ చేస్తావు?" అంది. స్పార్టా అన్నాను. ఎందుకని అడుగుతుందేమోనని చూశాను. అప్పటికే లాప్‌టాప్ మూసేసింది.