ఇమాఖుత్ అంటే

మా సోషల్ టీచర్ పోయారన్న కబురు నాకు అమ్మ ఫోన్‌లో చెప్పింది. నేను పనిచేసే బిచ్కుంద బడిలో అప్పుడే ప్రార్థన అయిపోయి, పిల్లలు గదుల్లోకి పరుగెడుతున్నారు. ఆ గోలలో అమ్మ మాట సరిగా వినపడలేదు. "టీచరమ్మ ఇగ లేదు బిడ్డా. నిజామాబాద్ దవాఖానల పొద్దుగాలనే పాణం పోయిందట" అని రెండోసారి గట్టిగా చెప్పింది. క్లాసు పక్క టీచరుకు అప్పగించి బస్సెక్కాను. దారంతా ఏడుపు రాలేదు. నా మనసు ఇంకొకరి మీదే ఉంది. ఎప్పుడో చనిపోయిన ఒక పిల్ల మీద. ఇక దాన్ని తలుచుకునేవాళ్లెవరని.

ఆ పిల్ల టీచర్ గారి ఒక్కగానొక్క కూతురు. బాన్సువాడ బడిలో నాది, దానిది ఒకే బెంచీ.

టీచర్ వాళ్లు కోస్తా నుంచి వచ్చి నిజాంసాగర్ కాలువ కింద పొలాలు కొనుక్కున్నవాళ్లు. వాళ్లుండే ఊళ్లను మా వైపు క్యాంపు అంటారు. భర్త పోయాక టీచర్ ఉద్యోగం తెచ్చుకుని, చిన్నపిల్లతో మా వెనక సందులో కిరాయికి దిగారు. నెమ్మదైన మనిషి. పుస్తకం చదివేటప్పుడు చీపురుపుల్ల ఒకటి వరస కింద జరుపుకుంటూ పోయేవారు. మేం ఏదడిగినా "తెలీదు, వెతుకుదాం పట్టు" అనేవారు. తెలిసిన సంగతికీ అదే జవాబు.

ఒకసారి హైదరాబాద్ వెళ్లినప్పుడు ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల్లో ఆమెకో లావుపాటి ఇంగ్లిష్ పుస్తకం దొరికింది. ప్రాచీన ఈజిప్టు భాషకు వ్యాకరణం. మా పాఠంలో ఈజిప్టు గురించి ఉన్నది ఒక్క పేజీ. దానికోసం ఇంత పుస్తకమా అని తోటి టీచర్లు నవ్వారు. టీచరూ నవ్వారు గానీ, పుస్తకం మాత్రం వదల్లేదు.

తల్లి వ్యాకరణం చదివితే కూతురు బొమ్మలు నేర్చుకుంది. సుద్దముక్క పట్టుకుని మా పేర్లన్నీ ఆ లిపిలో రాసేది. నా పేరు 'మ'తో మొదలవుతుంది, ఆ లిపిలో 'మ' అంటే గుడ్లగూబ. మా గడప ముందు అంత లావు గుడ్లగూబను గీసేసరికి అమ్మ చీపురు పట్టుకుని వచ్చింది. "ఇంటి ముందల గూబ ఏందే? అరిష్టం, తుడ్వు!" అది పడీ పడీ నవ్వింది. "అత్తా, గిది గూబ కాదు, నీ బిడ్డ!" అంది. ఇంట్లో కోస్తా మాట, మా వాకిట్లోకి వస్తే మా మాట. సర్వపిండి కోసం ఎప్పుడూ మా పొయ్యి దగ్గరే కూర్చునేది.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా శ్రావణంలో దానికి జ్వరం వచ్చింది. మెదడుకెక్కిందన్నారు. నిజామాబాద్ తీసుకుపోయారు. మళ్లీ బెంచీ మీదికి రాలేదు. టీచర్ కొన్నాళ్లకే బడికి వచ్చారు, పాఠం చెప్పారు. మా బెంచీ వైపు మాత్రం ఆ ఏడాదంతా చూడలేదు. నేనూ దాని చోటులోకి జరగలేదు.

ఏడాది తిరిగేటప్పటికి క్యాంపు నుంచి వాళ్ల బావగారు వచ్చారు. నేను మజ్జిగ చెంబు ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలో నిలబడిపోయాను. టీచర్ కూతురికి సంవత్సరీకం పెట్టాలంటున్నారు. ఆయన చెడ్డవాడు కాదు. మెల్లగానే చెప్పాడు.

"పెళ్లికాని ఆడపిల్లకి ఇవన్నీ ఎక్కడున్నాయమ్మా? దానికి పెట్టేవాళ్లెవరు? శాస్త్రంలో లేదు."

"శాస్త్రంలో లేకపోతే ఇంకెక్కడైనా ఉందేమో వెతుక్కుంటాను బావగారూ" అన్నారు టీచర్.

కూతురు పోయాక ముట్టని ఆ పుస్తకాన్ని అప్పుడు మళ్లీ తెరిచారు. కొన్ని రోజుల తర్వాత నన్ను పిలిచి ఒక మాట చూపించారు. ఇమాఖు. చనిపోయినవాళ్ల పేరు ముందు సమాధుల మీద రాసే మాటట. గౌరవం పొందినవాడు అని అర్థం. ఆడవాళ్లకైతే చివర 'త్' చేరుతుంది, ఇమాఖుత్.

"మన వ్యాకరణంలో ఒక్క ఆడపిల్ల ఉంటే 'అది వచ్చింది' అంటాం. ఆవు వచ్చినా అంతే, బండి వచ్చినా అంతే. వీళ్లు చూడవే, చచ్చిపోయిన పిల్లక్కూడా వేరే ప్రత్యయం పెట్టి మర్యాద చేశారు" అన్నారు.

"అంటే సన్మానమా టీచర్, శాలువ కప్పినట్టు?"

"కాదే. పోయినా అన్నం పెట్టేవాళ్లు, పేరు తలిచేవాళ్లు ఉన్న మనిషి. దానికి తెలుగు మాటే దొరకట్లేదు."

"అర్సుకునేటోళ్లు ఉన్న ఆమె అన్నట్టా?"

చీపురుపుల్ల ఆగిపోయింది. "ఏమన్నావ్? మళ్లీ చెప్పు."

అర్సుకొనుడు అని చెప్పాను. బాగోగులు కనుక్కోవడం, పోయి పలకరించి రావడం, కనిపెట్టుకుని ఉండటం, అన్నిటికీ మా అమ్మ వాడేది అదే మాట. టీచర్ ఆ మాటను పైకి ఒకసారి పలికారు. అంతవరకు నా ముందు ఏడవని మనిషి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు.

ఇమాఖుత్ అన్న మాట ఒంటరిగా నిలబడదని కూడా ఆ రోజే చెప్పారు. దాని పక్కన 'ఖెర్' అని ఒక విభక్తి లాంటిది రావాలి. ఫలానావారి దగ్గర, వారి ఎదుట అని. దేవుడి దగ్గర, రాజు దగ్గర, భర్త దగ్గర గౌరవం పొందిన మనిషి. టీచర్ తన కూతురికి వాక్యం కూర్చుకున్నారు. ఇమాఖుత్ ఖెర్ ముతెస్. ముతెస్ అంటే ఆమె తల్లి. తల్లి దగ్గర గౌరవం పొందిన పిల్ల.

"ఇలాగే పలకాలా టీచర్?"

"ఎవరికి తెలుసు? వాళ్లు హల్లులే రాశారు. అచ్చులు రాయలేదు. మన వ్యాకరణంలో హల్లులు ప్రాణులు, అచ్చులు ప్రాణాలు. ప్రాణాలు వాళ్లతోనే పోయాయే. మిగిలినదాన్ని మనమే ఎలాగో పలుక్కోవాలి."

ఆ శ్రావణంలో మా అమ్మ దగ్గర కూర్చుని సర్వపిండి చెయ్యడం నేర్చుకున్నారు. "నూనె గింత ఎక్కువ పొయ్యి టీచరమ్మా, మాడుతది" అని అమ్మ చెబుతూనే ఉంది, మాడ్చారు. మాడినవి తాను ఉంచుకుని, మంచివి మా క్లాసు ఆడపిల్లలకు పంచారు. దేనికో ఎవరికీ చెప్పలేదు. చివర నా చేతిలో ఒకటి పెట్టి ఆ మూడు మాటలూ మెల్లగా అన్నారు. ఆ తర్వాత ఏ శ్రావణమూ తప్పలేదు. నేను చదువుకు నిజామాబాద్ పోయినా, పెళ్లై వెళ్లినా, ఆ రోజుకు వాళ్లింట్లో ఉండేదాన్ని.

ఈ ఏడు ఆమె కిడ్నీలు పాడయ్యాయి. కిందటి వారం దవాఖానకు వెళ్తే, మొహం ఉబ్బి ఉంది, మాట మాత్రం తేటగా ఉంది. అన్నం తిన్నావా, పిల్లలు బడికి సరిగా వస్తున్నారా అని అడిగారు. తర్వాత కాసేపు కళ్లు మూసుకున్నారు.

"నేను పోతే ఆ వాక్యం చెడిపోతుందే" అన్నారు. "ముతెస్ ఉండదుగా."

"గట్లనకండి టీచర్."

"ఏడవకు, విను. రాత్రి ఆలోచించాను. తల్లి అన్న చోట స్నేహితురాలు అని పెట్టుకోవచ్చు. ఖెర్ అలాగే ఉంటుంది. వ్యాకరణం ఒప్పుకుంటుంది."

ఆమె చెయ్యి పట్టుకున్నాను. స్నేహితురాలు అన్న మాట ఈజిప్టు భాషలో ఏమిటని అడగాలన్న ఆలోచన బస్టాండు చేరాక వచ్చింది. మళ్లీ ఆదివారం వచ్చి అడగొచ్చులే అనుకున్నాను.

వచ్చే నెల శ్రావణం. పిండి నేనే కలుపుతాను. టీచర్ గారికీ ఒక వాక్యం కావాలి ఇప్పుడు. ఎవరి దగ్గర అన్న చోట ఎంతమంది పేర్లు రాస్తే సరిపోతుంది?

ఆ రోజు ఆమెను ఆఖరిసారి క్యాంపుకు తీసుకుపోయే ట్రాక్టరు వెనక మేం ఆటోలో వెళ్లాం. కాలువకు నీళ్లొదిలారు. రోడ్డుకు రెండు వైపులా నాట్లు పడుతున్నాయి. ట్రాక్టరు దగ్గరికి వచ్చేసరికి ఒక మడిలో పాట ఆగింది. "ఎవరక్కా?" అని గట్టు మీదున్నామె కేకేసి అడిగింది. "టీచరమ్మ" అంది మా అమ్మ. ఆమె ఎవరో వాళ్లకు తెలియదు. అయినా మడిలో ఉన్న ఆడవాళ్లంతా ఒక్కొక్కరే నడుమెత్తి, మోకాళ్ల దాకా బురదలో, చేతుల్లోని నారు నుంచి నీళ్లు కారుతుండగా, బండి మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి ఉన్నారు.