ఇసుక దిబ్బ ఖాళీ కాదు

తీరం కాపలా పోస్టుకి చేరేసరికి మధ్యాహ్నం రెండు. దుబాయ్‌లో నైఫ్ దగ్గర ఎక్కించుకున్న జీపు ఉమ్ అల్ కువైన్ దాటి, తారు రోడ్డు వదిలి, ఉప్పునేల మీద అరగంట నడిచింది. డెబ్బైల చివరి మాట. నవంబరు. ఎండ ఉంది, కాక లేదు. ఎదురుగా నేలలోకి చొచ్చుకొచ్చిన సముద్రపు పాయ. దాన్ని ఖోర్ అంటారు. దాని నడుమ పొడుగాటి ఇసుక దిబ్బ. ఇవతల రెండు రేకుల షెడ్లు, ఒక వైర్‌లెస్ స్తంభం, ఒక జెండా. అదే పోస్టు.

నేను తుపాకీ పట్టలేదు. ముందే చెబుతున్నా. పడవల్లో వచ్చే ఆడవాళ్ళని సోదా చేయడం నా పని. మగ సిపాయిలు వాళ్ళని ముట్టకూడదు కదా. కానీ నంబరు, ఖాకీ, డ్యూటీ అన్నీ సిపాయివే. నాకిచ్చినవి రెండు పొడుగు చొక్కాలు, తలకి నల్లగుడ్డ, నీళ్ళ సీసా, ఒక ఈల, నా కాలికన్నా ఒక సైజు పెద్ద బూట్లు. పొద్దున ఆరు నుంచి రెండు దాకా డ్యూటీ.

కమాండర్ ఒమాన్ మనిషి. నా పాస్‌పోర్టు చూశాడు. నా ముఖం చూశాడు. మళ్ళీ పాస్‌పోర్టు చూశాడు.

"హిందీ?" అన్నాడు. ఇండియా మనిషివా అని.

"హిందీ."

"సూడాన్ కాదా? జంజిబార్?"

"వనపర్తి."

వంటాయన గరిటెతోనే బయటికొచ్చాడు. నెల్లూరు సాయిబు.

"వనపర్తా? తెలుగామెవా అక్కా! సూడానామె వచ్చింది, కూరలో ఉప్పు చాలిందా అని ఏ బాసలో అడగాల్రా దేవుడా అని చూస్తన్నా."

మాది సిద్దీల కుటుంబం. మా తాతల తాతల్ని ఆఫ్రికా నుంచి తెచ్చి వనపర్తి సంస్థానంలో గుర్రపు సిపాయిల్ని చేశారట. అంతకుమించి మాకు తెలియదు. ఊళ్ళో మమ్మల్ని హబ్షీలనేవాళ్ళు. ఇక్కడ హిందీవే కాదంటున్నారు. నవ్వు రాలేదు నాకు.

నవ్వు రాకపోవడానికి ఇంకో కారణం ఉంది. నా ఇద్దత్ పూర్తి కాలేదు. మాలో భర్త పోయినామె నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలకూడదు. ఆయన పోయింది నెలవంక కనిపించిన సాయంత్రం. ఇరవై ఏడు రోజులు మిగిలి ఉండగానే టికెట్ వచ్చింది. ఈ ఉద్యోగానికి నేను రాకపోతే వేరే ఆమెను తీసుకుంటారు. ఇద్దరు ఆడపిల్లలు. అత్త గడపలో నిలబడి అంది:

"ఇద్దత్ ఇడిసిపెట్టి పోతున్నవా? రేపు పైకి పోయినంక వాని మొకం ఎట్ల చూస్తవే?"

ఆ మాట నాతోపాటు విమానం ఎక్కింది. ఏడుపు మాత్రం ఎక్కలేదు. నేను ఏడవనే లేదు. ఆయన పోయిన రోజు నుంచీ లెక్కకి దుపట్టా అంచుకి రోజుకో ముడి వేసుకుంటూ వచ్చాను.

మూడో రోజు డ్యూటీ దిగాక దిబ్బ మీద నలుగురు ఆడవాళ్ళు కూర్చుని కనిపించారు. పాటు సమయం, నీళ్ళు వెనక్కి తగ్గాయి. మోకాళ్ళ లోతు నీళ్ళలో నడిచి వెళ్ళాను. పక్క జాలరిపల్లె వాళ్ళు. నల్లటివాళ్ళు, నాలాగే. పెద్దామెని ఉమ్మ్ జుమా అనేవారు. బొంబాయి పడవల వాళ్ళ దగ్గర నేర్చిన హిందీ ఆమెది. ఆమె మాటలు తెలుగులోనే చెబుతాను.

"కూర్చో. మాట్లాడకు. అవి తింటున్నాయి," అంది.

వందల పిట్టలు. తెల్లటి ఒళ్ళు, నల్లటి వీపు, లావుపాటి నల్ల ముక్కు. నాలుగడుగులు పరిగెత్తి ఆగి, పీతని పట్టుకుంటున్నాయి. ఆ నలుగురూ ఏ పనీ చేయడం లేదు. ఊరికే చూస్తున్నారు. నేనూ చూశాను. మూడు దాటి అసర్ నమాజు వేళయ్యేదాకా ఆయన గుర్తుకు రాలేదు. తర్వాత గుర్తొచ్చి భయం వేసింది.

పాటు కుదిరిన ప్రతిరోజూ వెళ్ళాను. ఒకనాడు ఉమ్మ్ జుమా అంది: "మా నాయనమ్మని కూడా ఆవలి ఒడ్డు ఆఫ్రికా నుంచి పడవలో వేసి తెచ్చారు. ఈ పిట్టలూ ఆవలి నుంచే వస్తాయి. వీటిని మాత్రం ఎవరూ తేలేదు."

అప్పుడు చెప్పాను ఇద్దత్ సంగతి. ఆమె నన్ను తిట్టలేదు. "ఆకలికి బయటికొచ్చావు. ఇక్కడ కూర్చున్నవన్నీ నీ రోజులే," అంది. వాళ్ళ పల్లెలో ఇద్దత్ ఆఖరి రోజున భర్త పోయినామెని ఈ దిబ్బ మీదికి తెస్తారట. పోటు తిరిగి పిట్టలు లేచేదాకా కూర్చోబెడతారు. అవి లేచాక సముద్రపు నీళ్ళతో ముఖం కడుగుతారు. అంతే. ఆ రోజు తప్పితే మళ్ళీ చేయరు.

"నాది శనివారం. సెలవు పెట్టుకున్నా," అన్నాను.

ఆమె నా ముడులు లెక్కపెట్టింది. "నెలకి ముప్పై వేశావా పిచ్చిదానా? ఇందులో రెండు నెలలకి ఇరవై తొమ్మిదేసి రోజులే. చంద్రుణ్ణి చూడలేదా? నీ రోజు గురువారం."

గురువారం దిబ్బ మీద ఫైరింగ్ ప్రాక్టీసు. ఆర్డరు గోడకి అంటించి ఉంది. మధ్యాహ్నం మూడింటికల్లా మనుషుల్ని ఖాళీ చేయించాలి. ఆడవాళ్ళని లేపాల్సిన పని నాది.

గురువారం రెండున్నరకి వైర్‌లెస్ సెట్టు మోసుకుని దిబ్బ ఎక్కాను. వంటాయన వెనక నుంచి అరిచాడు. "అక్కా, పిట్టలకి కూడా ఆర్డరు చదివి ఇనిపిస్తావా ఏంది?"

వాళ్ళు నలుగురూ వచ్చి ఉన్నారు. నా చోటు వదిలి కూర్చున్నారు. నేను నిలబడి ఆర్డరు చెప్పాను. ఉమ్మ్ జుమా పైకి చూసింది.

"లెమ్మంటే లేస్తాం. నువ్వు చెప్పు."

బూట్లు విప్పి పక్కన పెట్టాను. కూర్చున్నాను.

మూడింటికి సెట్టు పలికింది. వైర్‌లెస్ అతను సూడాన్ వాడు, నన్ను ఉఖ్తీ అనేవాడు, చెల్లీ అని.

"ఉఖ్తీ, దిబ్బ ఖాళీయేనా? ఓవర్."

ఖాళీ అనొచ్చు. అంటే తుపాకులు మోగుతాయి. లేపొచ్చు. లేపితే నా రోజు పోతుంది.

"ఖాళీ కాదు. ఐదుగురు ఆడవాళ్ళు. ఓవర్."

"నువ్వెక్కడున్నావ్?"

"ఐదోదాన్ని నేనే."

చాలాసేపు గరగర. తర్వాత కమాండర్ గొంతు. "ఏం జరుగుతోంది అక్కడ?"

"నా ఇద్దత్ ఇవాళ్టితో అయిపోతుంది సాబ్. పిట్టలు లేవాలి."

మళ్ళీ గరగర. వెనక సూడాన్ అతను అరబ్బీలో గబగబా ఏదో చెబుతున్నాడు.

"పోటు ఎప్పుడు?" అన్నాడు కమాండర్.

"నాలుగుంబావు."

"నాలుగున్నరకి ఫైరింగ్. నెల రోజులు నీకు సెలవు లేదు. ఖలాస్."

నీళ్ళు మెల్లగా ఎక్కాయి. పిట్టలు కాళ్ళు మునిగేదాకా కదల్లేదు. నాలుగు దాటి పది నిమిషాలకి ఒక్కసారిగా లేచాయి. ఉమ్మ్ జుమా దోసిలితో నీళ్ళు తీసి నా ముఖం మీద పోసింది. ఉప్పు. అప్పుడు ఏడ్చాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి, "ఇంక లే, బూట్లు తొడుక్కో, తుపాకులొస్తున్నాయి," అంది.

రెండేళ్ళు చేసి తిరిగొచ్చాను. బొంబాయిలో ఆఫీసరు పాస్‌పోర్టు తిప్పి తిప్పి, "ఏ దేశం?" అన్నాడు. "వనపర్తి" అన్నాను. ఈసారి నవ్వొచ్చింది. ఇంటికొచ్చి అత్తకి అంతా చెప్పాను. "ముసలామె మంచిదే," అంది.

ఆ గురువారం మంద లేచినప్పుడు రెండు పిట్టలు మిగిలిపోయాయి. ఒక పెద్ద పిట్ట, దాని వెనక బూడిదరంగు పిల్ల. తల్లంత ఒళ్ళుంది పిల్లకి. అయినా నోరు తెరిచి వెంటపడుతోంది. తల్లి ఆఖరి పీతని ముక్కలు చేసి దాని నోట్లో పెట్టింది. నీళ్ళు పొట్టకి తగిలాయి. అప్పుడు రెండూ లేచాయి.