ఢిల్లీ జాబితాలో ఐదో వరుస

మా చిన్నప్పుడు... ఢిల్లీ ప్రయాణం రైలెక్కక ముందు నెలరోజుల పాటు కాగితం మీదే సాగింది. ఆ కాగితం నా చేతిలో ఉండేది.

నాన్నగారికి గవర్నర్‌పేటలో చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. శుభలేఖలు కత్తిరించగా మిగిలిన గులాబీరంగు ముక్కొకటి తెచ్చి, పటమట ఇంటి వరండాలో నా ముందు పెట్టారు. "చూడాల్సినవన్నీ వరసగా రాయవే" అన్నారు. నాకప్పుడు పదేళ్ళు. దస్తూరీ గుండ్రంగా ఉంటుందని ఆ ఉద్యోగం నాకిచ్చారు. జీతం లేదు, పెత్తనం మాత్రం బోలెడు... నాకు అది చాలు.

షరతు ఒక్కటే. ఇంట్లో ఐదుగురం, ఢిల్లీలో ఉండేది మూడు రోజులు. మనిషికో చోటు కోరుకోవచ్చు.

నాన్నగారిది ఎర్రకోట. అన్నయ్యది కుతుబ్ మినార్... పైదాకా ఎక్కి, అక్కణ్ణుంచి బెజవాడ కనిపిస్తుందేమో చూస్తాడట. ఎస్సెల్సీ చదువుతున్న బుద్ధి అది! నాయనమ్మ మాత్రం, "కోటలూ గోడలూ నాకెందుకురా? యమునలో ఒక్క మునక వేయించు, చాలు" అంది. నాది జూ. అక్కడ తెల్లపులి ఉందని బడిలో ఎవరో చెప్పారు. నమ్మేశాను.

"మరి నీకేం చూడాలనుంది?" అని నాన్నగారు అమ్మను అడిగారు.

ఇలాంటి ప్రశ్నలకు అమ్మ దగ్గర ఒకటే జవాబుండేది... 'మీ ఇష్టమండీ' అని. ఆరోజు ఏమైందో గానీ, తడిచేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది.

"జంతర్ మంతర్ అని ఉందటండీ. రాళ్ళతో కట్టిన పెద్ద గడియారమట. నీడను బట్టి టైము చెబుతుందట. మా లెక్కల మేష్టారు బోర్డు మీద బొమ్మ గీసి చూపించారు... అదొక్కటీ చూస్తే చాలు."

నాయనమ్మ వక్క నములుతూ, "నీడ చూడ్డానికి ఢిల్లీ దాకా ఎందుకే కోడలా? మన పెరట్లో పడ్డం లేదూ?" అంది. అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది.

పెరట్లో పడేమాట నిజమే. బట్టలారేసే దండెం గుంజ చుట్టూ అమ్మ ముగ్గుపిండితో గీతలు గీసుకునేది. నీడ ఈ గీత దాటితే పాలవాడు, ఆ గీత దాటితే మేము బడినుంచి రావడం. ఎండ దారి మారుతుంది కనుక నెలకోసారి గీతలూ మార్చేది. నాన్నగారి చేతిగడియారం ఇష్టం వచ్చినట్టు ముందుకు పరిగెత్తేది. అమ్మ గుంజ మాత్రం ఎన్నడూ తొందరపడలేదు. ఆవిణ్ణి పై చదువు మాన్పించి పెళ్ళి చేశారు. ఆ లెక్కలు ఎటూ పోక పెరట్లో తేలాయన్నమాట.

"రాయవే, ఐదోది అమ్మది" అన్నారు నాన్నగారు. రాశాను.

అప్పుడే అన్నయ్య నా చెవిలో, "మూడోరోజు సాయంత్రం మనకు రైలు. జూ అయినా చూడాలి, అదైనా చూడాలి. రెండూ అవవు" అని ఊదాడు.

నేను కాసేపు పెన్సిల్ కొరికాను. తర్వాత ఐదో వరుస పక్కన, చిన్న అక్షరాలతో, 'వీలుంటే' అని రాశాను.

ఎవరూ రాయమనలేదు. నా అంతట నేనే రాశాను.

మూడోరోజు జూలో తెల్లపులి గోడవైపు తిరిగి పడుకుంది. దాని వీపు గంటసేపు చూశాను. బయటికొచ్చాక నాన్నగారు జేబులోంచి గులాబీ కాగితం తీసి, వార్తలు చదివినట్టు చదివారు. "ఐదు... జంతర్ మంతర్... వీలుంటే." చేతిగడియారం చూసుకున్నారు. "అబ్బే, వీలు కాదు. పదండి స్టేషనుకి."

స్టేషనులో పెద్ద గడియారం చూస్తే, బండికి ఇంకా రెండు గంటలుంది!

నాన్నగారు తన గడియారాన్ని తిట్టుకున్నారు. అమ్మ పక్కబట్టలు చుట్టిన హోల్డాల్ మీద కూర్చుని, ప్లాట్‌ఫారం స్తంభం నీడ వైపు చూస్తూ, ఎవరితోనో కాదు, తనలో తనే అనుకుంది... "ఈపాటికి అక్కడ నీడ ఏ గీత మీదకి వచ్చుంటుందో..."

ఆ కాగితం తర్వాత చాన్నాళ్ళు అమ్మ పోపులడబ్బా కింద కనబడుతుండేది. దస్తూరీ నాదని ఆవిడకు తెలియకపోతుందా? ఒక్కనాడూ అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి ఉంటే బాగుండేది... నా బరువు దిగేది. ఆవిడ మళ్ళీ ఢిల్లీ వెళ్ళనూ లేదు. ఇప్పుడు ఆవిడా లేదు.

మొన్న మా మనవరాలు దసరా సెలవులకు ఢిల్లీ ప్లాన్ వేసింది. ఫ్యామిలీ గ్రూపులో పోల్ పెడితే అందరూ తలో వేలూ నొక్కారు. చివరికి నా దగ్గరికొచ్చి, "అమ్మమ్మా, నీకేం చూడాలనుంది?" అంది.

"మీ ఇష్టమే" అనేశాను. ముప్ఫై ఏళ్ళు కాలేజీలో పాఠాలు చెప్పిన నోరండీ ఇది! సిగ్గేసింది. సర్దుకుని, "జంతర్ మంతర్" అన్నాను.

"ఓ అదా... లాస్ట్ డే పెడతాలే. వీలుంటే చూద్దాం."

"వీలుంటే అయితే నేను రాను. మొదటిరోజు, మొదటి వరుసలో రాయి. మిట్టమధ్యాహ్నం."

"మధ్యాహ్నమా? నీకు ఎండ పడదు కదా అమ్మమ్మా!"

"ఎండ లేకపోతే నీడెక్కణ్ణుంచొస్తుందే పిచ్చిమొహమా? రాయి."

రాసింది. అర నిమిషం పట్టలేదు. నాకే అరవై ఏళ్ళు పట్టింది...

గులాబీ కాగితాలు పోయి ఫోన్లు వచ్చాయి. చోట్లు చూడ్డం తేలికైంది. 'వీలుంటే' మాత్రం ఇంకా ఎవరో ఒకరి పక్కన కూర్చునే ఉంది.

మీ ఇంటి ప్రయాణాల్లో మీ అమ్మగారు కోరుకున్న చోటేది? గుర్తుంటే కింద రాయండి. గుర్తు రాకపోతే... ఆవిడ పక్కగదిలో ఉంటే, ముందు లేచి వెళ్ళి అడగండి. నా పోస్టుకు లైకులు తర్వాత కొట్టొచ్చు.