విప్పమన్నా మళ్లీ సర్దిన పెట్టె

మొన్న ఆదివారం మంచం కింది రేకు పెట్టె లాగి సర్దుతుంటే మా కోడలు చూసి నవ్వింది. "తుఫానొస్తే ఫోన్లో ముందే చెప్తారు గదత్తా, ఇంకా ఈ పెట్టెందుకు?" అన్నది. చెప్పినాక ఏం తింటావు, ఆ ఫోన్నే నంజుకుంటావా అన్నాను. ఏటా ఆశ్వయుజం రాకముందే ఈ పెట్టె సర్దడం నాకు యాభై రెండేళ్ల అలవాటు. ఒక్క ఏడూ తప్పలేదనడానికి మూత లోపల అంటించిన కాగితం మీద తేదీలన్నీ ఉన్నాయి.

అల్లూరు పక్క పల్లెకు కాపురానికి వచ్చిన మూడో ఏడు మొదటిసారి సర్దాను. నాలుగు పడుల అటుకులు, బెల్లం, ఆరు అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, పది నెలల మా పెద్దవాడికి ఉగ్గుపిండి, పొడి గుడ్డలు, పొలం కాగితాలు. రాని గాలివానకు ముందే మూట కడితే దాన్ని చేతులారా పిలిచినట్టేనని ఆ రోజుల్లో మా వైపు గట్టి నమ్మకం. "ఇల్లు మునగాలని మొక్కుకున్నావా ఏందే? విప్పు!" అని మా అత్త మండిపడింది. ఆమె ఎదుట విప్పాను. ఆమె అటు పోగానే మళ్లీ సర్ది, మూత అంచుకు మైనం పూసి, అటకమీద విస్తరాకుల కట్టల వెనక దాచాను.

కార్తీకంలో గాలివాన రానే వచ్చింది. ఊళ్లో పదకొండు ఇళ్లవాళ్లం బడి మిద్దెలోకి చేరితే అందరివీ బియ్యం మూటలే, వండడానికి ఒక్క పొడి పుల్ల లేదు. నేను పెట్టె తెరిచేసరికి మా అత్త గోడవైపు తిరిగి కూర్చుంది. అయితే నా లెక్కలోనూ తప్పుంది, దాచను. బడిలో బావి ఉన్నది కదా అని మంచినీళ్లు ఒక్క బిందెడే తెచ్చాను. మర్నాటికి వాన వెలిసింది, దారులు తెగిపోయాయి, సముద్రపు నీళ్లు ఎక్కి ఆ బావి కాస్తా ఉప్పుకషాయమైంది. చంటివాడి పెదవులు ఎండిపోసాగాయి. అప్పుడు మా అత్త లేచి, బిందె ఒళ్లో పెట్టుకుని, పిల్లవాడికి ఏడ్చినప్పుడల్లా ఉగ్గుగిన్నెతో, మాకు పూటకొక గుక్క, తనకు అందరి తర్వాత అరగుక్క చొప్పున, పడవ వచ్చేదాకా రెండు రోజులు కాపలా కాసింది. నా కొడుకు బతికింది నా పెట్టె వల్ల కాదు, ఆమె చెయ్యి బిగువు వల్ల.

మరుసటి ఏడు ఆశ్వయుజంలో ఆమే వచ్చి, "పెట్టె సర్దినావా? బిందెలు రెండు పెట్టుకో" అన్నది. తప్పు ఒప్పుకోవడం ఆమెకు అంతవరకే వచ్చు. నాకూ అంతే.

ఆ బడిలో ఏ ఇంట ఎందరో, ఏ బిడ్డకు పాలు పట్టాలో, ఎవరు మందు మింగాలో అందరికీ తెలిసేది. ఇప్పుడు మేమున్న నెల్లూరు వీధిలో, అన్నిటికీ లెక్క రాసే నాకే, పక్క వాటాలో ఎంతమంది ఉంటారో తెలియదు. తెలియని లెక్కకు ఎంత సర్దాలో తేలక, వాళ్లకోసం నలుగురికని ఎక్కువే పెట్టాను. తియ్యమంటే తియ్యను.