జనార్ధనరావు ముత్తాత బంగళా

కెనడాను కనిపెట్టినవాడు, అక్కడి విండ్సర్ ఊళ్లో ఉండే జనార్ధనరావుగారి ముత్తాత అప్పలస్వామి. సరే, కనిపెట్టలేదనుకోండి, ఆయన విశాఖపట్నంలో ఓడెక్కి ఇక్కడికి చేరేసరికే ఊళ్లో జనమున్నారు, ట్రాములున్నాయి. కానీ ఈ వీధి తెలుగువాళ్లందరికన్నా ముందొచ్చాడన్నది మాత్రం నిజం.

ఆ ముత్తాత కెనడా సైన్యంలో కెప్టెన్‌గా చేశాడనీ, నది ఒడ్డున బంగళాలో దర్జాగా బతికాడనీ జనార్ధనరావు చెప్పని పెళ్లి లేదు, పేరంటం లేదు. అందుకే, ఇద్దరికని అద్దెకిచ్చిన బేస్‌మెంట్‌లో ఐదుగురు ఆడపిల్లలు సర్దుకుంటున్నారని తెలిసిన రోజున ఆయన ఇంతెత్తున లేచాడు.

"నెలాఖరుకి ఖాళీ చేసెయ్యండి! మా వంశం ఈ దేశంలో ఎలా బతికిందో తెలుసా మీకు?"

"చూద్దాం అంకుల్, రికార్డులన్నీ ఆన్‌లైన్‌లనే ఉంటయ్," అంది ఆ ఐదుగురిలో ఒకతె, కరీంనగర్ నుంచి చదువుకోడానికొచ్చిన భవిత. కాలేజీల నిండా కొత్త పిల్లలే. చలికాలం ముందు ఈ ఊళ్లో ఇంకో గది దొరకదు. ముత్తాతను పట్టుకుంటే మునిమనవడు మెత్తబడతాడని ఆమె ఆశ.

ముందు సైన్యం రికార్డు దొరికింది.

"కెప్టెన్ కాదంకుల్. వంటశాలల హెల్పర్. ఆలుగడ్డలు ఒలిచేటోడట."

"కెప్టెనైతే ఆకలెయ్యదేంటి? తన దుంపలు తనే ఒలుచుకునుంటాడు."

ఆయన భార్య పద్మిని కాఫీకప్పు చాటున నవ్వుకుంది.

తర్వాత జనాభా లెక్కలు. నది ఒడ్డున ఇల్లు నిజమే. కాకపోతే అదే ఇంటి నంబరు కింద అప్పలస్వామితోపాటు ఇటలీవాళ్లు, పోలండువాళ్లు, ఇద్దరు పంజాబీలు. పేజీ అడుగుదాకా అందరూ అద్దెకున్న మగవాళ్లే.

"ఇంతమందీ ఒక్క ఇంట్లోనా?" అన్నాడు జనార్ధనరావు నీరసంగా.

"బంగళా కదండీ, పడతారు," అంది పద్మిని.

ఆఖరికి శ్మశానం రికార్డు. బంధువులన్న చోట ఖాళీ. పాతిపెట్టించి, పైన రాయి వేయించింది ఎవరంటే, అదే గదిలో ఆయనతోపాటు అద్దెకున్నవాళ్లు.

జనార్ధనరావు కళ్లజోడు తీసి చాలాసేపు తుడిచాడు.

"ఆ పంజాబీలే అయుంటారు," అన్నాడు. "మంచోళ్లు."

మర్నాడు బేస్‌మెంట్ మెట్లమీద ధబధబమని చప్పుడు. ముందు పరుపు దొర్లుకుంటూ వచ్చింది, వెనకాల దాన్ని పట్టుకుని జనార్ధనరావు వచ్చాడు.

"ఈ చలికి వట్టి నేలమీద పడుకుంటారర్రా, బుద్ధుందా?"

నెలాఖరు వచ్చింది, వెళ్లింది. ఖాళీ మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

ఇదంతా నిజమేనా అని అడిగితే మాత్రం జనార్ధనరావు మండిపడతాడు.

"ఎవడు చెప్పాడయ్యా? మా ముత్తాత సముద్రమే చూళ్లేదు. పరుపులూ లేవు, పంజాబీలూ లేరు. నా బేస్‌మెంట్‌లో ఉన్నది ఇద్దరే!"