కాటేదాన్ అన్న ఖాతా

ఏడో తరగతి రెండుసార్లు చదివాను. మూడోసారీ కూర్చుని ఉంటే పిల్లలు నన్నే సారనుకునేవారు. అందుకే మానేసి వెల్డింగ్ నేర్చుకున్నాను.

శంషాబాద్‌లో షెడ్డు కిరాయికి తీసుకుని, ఎయిర్‌పోర్టు చుట్టుపక్కల గోదాములకు ఇనుప ట్రాలీలు చేసిస్తాను. మొదటిరోజు నుంచీ నాకు రేకు ఉద్దెరకు ఇచ్చింది కాటేదాన్‌లో దుకాణమున్న ఒక అన్న. కాయితం అడగలేదు. నా చేతుల మీద కాలిన మచ్చలు చూసి, "పని చేసే చేతులే," అన్నాడు, అంతే.

బ్యాంకు లోను ఇచ్చిందీ ఆయన మాట మీదే. మేనేజరు అన్నకు ఫోన్ చేసి నా సంగతి అడిగితే, "ఆయన ముచ్చట్లు నమ్మకుండ్రి సార్. పైసలు మాత్రం టైముకు కడ్తడు," అన్నాడట.

లోను చేతికందగానే నాకు ఎక్కడలేని షోకు వచ్చింది. నగదుకు కొంటే రేకు బయట చవక. పోయి అన్న బాకీ మొత్తం చిల్లరతో సహా కట్టేశాను. ఉద్దెర ఖాతాలో ఎంతో కొంత మిగల్చడం మా దగ్గర ఆనవాయితీ. మళ్లీ వస్తానని దానర్థం. పూర్తిగా తీర్చినవాడు సెలవు తీసుకున్నట్టే. తెలిసే తీర్చాను.

"ఇగ రావా?" అన్నాడు.

"వస్త అన్నా, నా బిడ్డ పెండ్లి పత్రిక ఇయ్యనీకె."

నా బిడ్డ అప్పుడు మూడో తరగతి. ఆయన నవ్వలేదు.

తర్వాత బ్యాంకు నుంచి మెసేజీలు చాలా వచ్చాయి. ఒక్కటీ "తిన్నవా?" అని అడగలేదు. అత్తాపూర్‌లో పని పడినప్పుడల్లా బండిని కాటేదాన్ లోపలి నుంచి తిప్పుకుని పోయేవాణ్ణి. దుకాణం ముందు నెమ్మదించేవాణ్ణి. రేకులు దించే చప్పుడు, మధ్యలో హమాలీలను తిట్టే ఆయన గొంతు వినబడేవి. ఒకప్పుడు ఆ తిట్లలో సగం నావే. బండి ఆపడానికి మాత్రం మొహం చెల్లేది కాదు.

ఈ ఎండాకాలం ఒక గోదాం వాళ్లు నాకివ్వాల్సిన డబ్బు ఆపారు. బ్యాంకు లిమిట్ నిండిపోయింది. "ఆ డబ్బు వచ్చాక చూద్దామండీ," అన్నాడు మేనేజరు. చేతిలో ఆర్డరుంది, షెడ్డులో రేకు లేదు. కాటేదాన్ పోయాను.

"అన్నా, నీకు బాకీ లేకపోతే నిద్ర పడ్తలేదు. జర ఉద్దెర ఇయ్యి."

నా బండికి రేకు ఎక్కించమని హమాలీకి సైగ చేసి, అప్పుడు నావైపు తిరిగాడు.

"బ్యాంకోళ్లకు అన్ని కాయిదాలు చూపెడ్తివి. నాకు మొఖం చూపెట్టనీకె రెండేండ్లు పట్టిందా?"