కుళాయి హిందీతో కంప్యూటరు నడిపిన రోజు

"ఈ ఫోను మళ్ళీ ఏదో అడుగుతోందే, చూడు" అన్నాడు మా ఆయన ఆసుపత్రి మంచం మీంచి. "అప్‌డేటట. అడగనీండి, సాయంత్రం నొక్కుతాను, మీరు పడుకోండి" అన్నాను. పడుకున్నాడు. ఇక లేవలేదు. మొగుడూ పెళ్ళాల ఆఖరి మాటల్లో దేవుడి పేరో, పిల్లల పేరో ఉండాలంటారు. మావి ఇవి. నాకేమీ సిగ్గు లేదు, ఎందుకంటే మా కాపురంలో మొట్టమొదటి పెద్ద గత్తర కూడా ఈ అప్‌డేటు ముండ వల్లే వచ్చింది.

ఆ రోజుల్లో కంప్యూటరు ఇంకా మనిషి మాట వినేది. ఏది కావాలో ఏది వద్దో అడిగి, మనం చెప్పేదాకా కోడలిలా గుమ్మం దగ్గర నిలబడేది. ఇప్పటివి అత్తగార్లు, అడగవు. నాకు చదువు లేదు. గూడ్సు డబ్బాల మీది అంకెలు చూసి చూసి అంకెలు మాత్రం వచ్చాయి (మా నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్), అక్షరాలంటే నా సంతకంలో ఉన్న నాలుగే. నేను చెబుతూంటే ఇది రాస్తున్నది మా అన్నయ్య కూతురు. బూతు మాట వచ్చినప్పుడల్లా కలం ఆపి నా మొహం చూస్తోంది. రాయవే అంటే, "ఊరుకో అత్తా" అంటోంది.

పలాస పక్కనుంచి పెళ్ళి చేసుకుని రాయ్‌పూర్ వచ్చి ఆర్నెల్లయింది అప్పటికి. రైలు పట్టాల పక్క బస్తీలో ఒకటే గది. నాకు వచ్చిన హిందీ రెండు మాటలు. పొద్దున్నే కుళాయి తిప్పేవాడు వీధి చివర నిలబడి "పానీ ఛోడ్ దియా" అని కేకేస్తే బస్తీ అంతా బిందెలతో పరిగెత్తేది. కాబట్టి ఛోడ్ అంటే రానివ్వడం, లోపలికి వదలడం. ఆ తర్వాత చెత్త బండి ఆవిడ వచ్చి తలుపు తలుపూ కొట్టి "డాల్ దో, డాల్ దో" అనేది. కాబట్టి డాల్ అంటే అవతల పారెయ్యడం. ఈ రెండు మాటలతో ఆర్నెల్లు దర్జాగా కాపురం చేశాను. ఎక్కడా చిక్కు రాలేదు.

మా ఆయన తిల్దా రోడ్డు మీద ఒక లారీ ఆఫీసులో కంప్యూటరు నడిపేవాడు. బియ్యం మిల్లుల నుంచి సరుకెత్తిన ప్రతి లారీ వెంటా బిల్టీ అని ఒక రసీదు ఉండాలి, అది లేకుండా లారీ కదలదు. ఆ బిల్టీలు కొట్టే ప్రోగ్రాం ముసలిది. కంప్యూటరుకి వచ్చే కొత్త అప్‌డేట్లన్నీ దానికి పడవు, కొన్ని పడితే అది నోరు తెరవదు. ఏవి పడతాయో ఏవి పడవో మా ఆయన ఒక నోట్‌బుక్కులో అంకెలు రాసుకుని, ఏరి ఏరి వేసేవాడు, కంది పప్పులో రాళ్ళు ఏరినట్టు. ఆ ఏరడం ఎవరికీ, ఆఫీసు ఓనరు సేఠ్‌కి కూడా, నేర్పలేదు. "నేర్పితే నన్నెందుకు ఉంచుతాడే" అనేవాడు. పదో తరగతి తప్పిన మనిషికి ఆ ఉద్యోగం దొరకడం, అది నిలబడటం ఆ నోట్‌బుక్కు మీదే ఉంది.

అట్లాంటప్పుడు ఆయనకి ఆటలమ్మ పోసింది. ఒళ్ళంతా పొక్కులు, వేపాకు మీద పడక. సరిగ్గా అప్పుడే లారీ ఆఫీసు పక్కింటి కంప్యూటరుకి వైరస్సు పట్టింది. మా సేఠ్ (నోట్లో ఎప్పుడూ వక్క ఉండేది, మేం సుపారీ సేఠ్ అనుకునేవాళ్ళం) హడలిపోయి, ఇవాళే అప్‌డేట్లు పడాలి, నువ్వు రాకపోతే మెకానిక్కుని పిలిచి అన్నీ వేయిస్తాను అని కబురు పెట్టాడు. అన్నీ వేస్తే బిల్టీ ప్రోగ్రాం చస్తుంది, మెకానిక్కు కొత్త మిషనూ, దాన్ని నడిపే తన మనిషినీ తెస్తాడు. మా ఆయన అరగంట ఆలోచించి నన్ను పంపించాడు. నేల మీద బొగ్గుతో గళ్ళు గీసి చూపించాడు. ప్రతి అప్‌డేటు పక్కనా చిన్న గడి ఉంటుంది, గడిలో టిక్కు ఉంటే అది లోపలికి ఎక్కుతుంది, నొక్కి టిక్కు తీసేస్తే ఎక్కదు. నువ్వు ఫోనులో అంకెలు చదువు, వెయ్యాలో మానాలో నేను చెబుతాను. అంతే పని.

అంతే పని అయ్యేదే. నేను కుర్చీలో కూర్చుని, రెండు చేతులతో మౌసు పట్టుకుని (పారిపోతుందేమోనని), ఆఫీసు ఫోనులో మొదటి అంకె తెలుగులో చదివానో లేదో సేఠ్‌కి అనుమానం వచ్చింది. మొగుడూ పెళ్ళాలు కలిసి నా ఆఫీసులో ఏం గూడుపుఠాణీ చేస్తున్నారనుకున్నాడో ఏమో, ఫోనుని స్పీకరులో పెట్టి, వక్క బుగ్గకి తోసి, "హిందీ మే బోలో" అన్నాడు. పాపం మా ఆయన హిందీలోనే చెప్పాడు. నేను అంకెలు నాకొచ్చిన తెలుగులోనే ఒక్కొక్కటీ చదవడం, ఆయన "డాల్ దో" అనడం, నేను టిక్కు పీకి పారెయ్యడం. మూడింటికి మాత్రం "ఛోడ్ దో, ఛోడ్ దో" అని గట్టిగా, రెండేసి సార్లు చెప్పాడు. అంత గట్టిగా చెబుతున్నాడంటే అవి చాలా ముఖ్యమైనవి కాబోలని, ఆ మూడింటి టిక్కులూ ముట్టుకోకుండా భద్రంగా రానిచ్చాను. మిగతా ఎనిమిదీ చెత్త బండిలోకే.

కంప్యూటరు ఆరి వెలిగింది. బిల్టీ ప్రోగ్రాం నొక్కితే టంగుమని శబ్దం, ఎర్రటి గుర్తు. మళ్ళీ నొక్కితే మళ్ళీ టంగు. బయట నాలుగు లారీలు నిలబడ్డాయి. ఒక డ్రైవరు కిటికీలోంచి తల పెట్టి "ఏ బాయి, మోర్ గాడీ కబ్ ఛూటహీ?" అని వాళ్ళ ఛత్తీస్‌గఢీలో అడిగాడు, నా బండి ఎప్పుడు కదులుతుందని. నేను ఆ ఛూట్ కూడా ఛోడ్ లాంటిదే అనుకుని, ధైర్యంగా తలూపాను. సేఠ్ మాత్రం ఊపలేదు. మీ ఆయన్ని రేపట్నించి రావొద్దని చెప్పు అన్నాడు. అది మాత్రం ఏ కుళాయీ నేర్పకుండానే అర్థమైంది.

ఫోను ఇంకా స్పీకరులోనే ఉంది. మా ఆయన అంతా విన్నాడు. ముప్పావు గంటలో షేరింగ్ ఆటోలో దిగాడు (మిగతా జనం దిగిపోయి ఆయనకి ఆటో మొత్తం వదిలేశారట). తల మీంచి దుప్పటి, చేతిలో వేపమండ, మొహం నిండా పొక్కులు. నిలబడి చూసిన డ్రైవర్లు చెప్పులు విడిచి దణ్ణం పెట్టారు. ఆ దేశంలో పొక్కులు పోసిన మనిషి మీద మాత వచ్చి ఉంటుందని నమ్మకం, తిట్టకూడదు, ఎదురు చెప్పకూడదు. తిట్టడానికి నోరు తెరిచిన సేఠ్ వక్క మింగేసి, రెండు చేతులూ జోడించి గోడకి ఆనుకున్నాడు. మా ఆయన ఎవరి వంకా చూడకుండా కుర్చీలో కూర్చుని, తెర మీద చూసి, చిన్నగా నాతో అన్నాడు.

"మూడూ ఎక్కించేసినావేటే? వదిలెయ్యమన్నాను గదా."

"వదిలేసినాను. నీళ్ళు వదిలినట్టు."

"మరి వెయ్యమని డాల్ దో అంటే?"

"చెత్త."

ఆయన భుజాలు ఊగడం మొదలుపెట్టాయి. ఏడుస్తున్నాడనుకున్నాను. "నవ్వించకే, పొక్కులు చితికిపోతన్నాయి" అన్నాడు. వెనకనించి సేఠ్‌కి మాత ఊగుతున్నట్టే కనబడింది, ఇంకా వంగి దణ్ణం పెట్టాడు. ఆ ఊగుడులోనే ఆయన మూడూ పీకేశాడు, ఎనిమిదీ వేశాడు. ప్రోగ్రాం తెరుచుకుంది. మొదటి బిల్టీ ప్రింటరు లోంచి గరగరమని వస్తూంటే సేఠ్ దాన్ని కళ్ళకద్దుకున్నాడు.

రేపట్నించి రావొద్దన్న మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. మా ఆయనకి తగ్గాక, సేఠ్ ఇంకో ఆర్డరు వేశాడు: నేను చెయ్యి పెట్టబట్టే మాత ఆ మిషను దగ్గరికి వచ్చి బాగు చేసిందట, అందుకని అప్‌డేట్లు వచ్చినప్పుడల్లా నేనే వచ్చి నొక్కాలట. సేఠ్‌కి ఎదురు చెప్పడమెందుకు? నెలకోసారి మంచి చీర కట్టుకుని పోయేదాన్ని. ఒకటే కుర్చీలో ఇద్దరం సగం సగం కూర్చునేవాళ్ళం. ఆయన నోట్‌బుక్కు చూసి చెప్పడం, నేను నొక్కడం, సేఠ్ రెండు సమోసాలు తెప్పించడం. మేం సినిమాకి పోలేదు, షికార్లకి పోలేదు. కొత్తగా పెళ్ళయినవాళ్ళం బయట కలిసి తిరిగిందంటే ఆ కుర్చీ దాకానే. మూడేళ్ళకి కొత్త ప్రోగ్రాం వచ్చింది, దానికి అన్ని అప్‌డేట్లూ పడతాయి, ఏరే పని లేదు. ఆయనని మాత్రం తీసెయ్యలేదు, అప్పటికి మిల్లులవాళ్ళంతా ఆయన చేతి బిల్టీలకే అలవాటు పడ్డారు. ఆఫీసంతా సంబరపడింది. నేను మాత్రం ఆ నెల చీర ఇస్త్రీ చేసుకుని కూర్చుని, ఇంక పోనక్కర్లేదని ఆయన చెబితే, వంటింట్లోకి పోయి ఆ ప్రోగ్రాం కనిపెట్టినవాడి తల్లిని తిట్టాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పిల్లకి, అంటే అప్పటి నాకు, కంప్యూటరు మీద ఏం ప్రేమ ఉంటుంది, సగం కుర్చీ పోయిందని దాని బాధ.

చాల్లే, ఇక ఆపు. ఏదీ, మొదట్నించీ చదివి వినిపించు. ఆ తిట్టు దగ్గర మాత్రం దాటెయ్యకు, నాకు తెలుస్తుంది.